చెరువుగట్టు పాఠం

చెట్టును పుస్తకంలో చదవడం వేరు, చెట్టు ఎదుట నిలబడి దానిని గుర్తుపట్టడం వేరు. ఈ రెండింటికీ నడుమ ఎంత దూరముందో నాకు యాభయ్యో ఏటికి గాని తెలిసిరాలేదు. తెలియజెప్పినవారు మహాపండితులు కారు. ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, అక్షరం రాని ఒక అవ్వ, ముప్పయ్యారుగురు పసిపిల్లలు.

నేను ప్రాచీన సాహిత్య విద్యార్థిని. ప్రబంధాలలోని ఉద్యానవన వర్ణనల మీద పరిశోధన చేసి డాక్టరేటు పట్టా పొందినవాణ్ణి. మహాకావ్యానికి ఆలంకారికులు విధించిన అష్టాదశ వర్ణనలలో ఉద్యాన వర్ణన ఒకటి. నాయిక చెలికత్తెలతో కూడి తోటలో అడుగుపెట్టిందంటే చాలు, కవి ఒక్కొక్క తరువునూ, ఒక్కొక్క లతనూ పేరుపేరునా పలకరిస్తాడు. అమరకోశంలోని వనౌషధివర్గం నాకు బాల్యంలోనే కంఠస్థమైంది. కరవీరమన్నా, సింధువారమన్నా, అపామార్గమన్నా పర్యాయపదాలతో సహా తడుముకోకుండా చెప్పగలను. ఆ ధీమాతోనే చాలాకాలం గడిచిపోయింది.

2019వ సంవత్సరం అక్టోబరు చివరలో మా చెల్లెలు ఫోను చేసింది. ఆమె నల్లమల అంచున ఉన్న ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని.

“అన్నయ్యా, ఈ కార్తికంలో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను ఒక పూట మొక్కల పరిశీలనకు తీసుకువెళ్దామనుకుంటున్నాను. పరిసరాల విజ్ఞానంలో ఆకులు, వేళ్లు, గింజలు అన్నీ ఉన్నాయి. బల్ల మీద బొమ్మ గీసి ఎన్నాళ్లని చెప్పను? నువ్వు వనాల మీదే కదా డాక్టరేటు చేశావు. నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి, ఏం చూపించాలో, ఎలా చూపించాలో ఒక ప్రణాళిక వేసిపెట్టు” అంది.

అంతకన్న సులభమైన పని మరొకటి ఉండదనుకున్నాను. కార్తికమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం మన పెద్దలు ఏర్పరచిన ఆచారమే. వానలు వెనకబట్టి, నేల తడి ఇంకా ఆరకుండా, పచ్చదనం నిండుగా ఉండే కాలం అది. ఎండ తీవ్రత ఉండదు. పిల్లలను బయటికి తీసుకువెళ్లడానికి అంతకన్న అనువైన ఋతువు లేదు. రెండు రాత్రులు కూర్చుని, ముత్యాల వంటి అక్షరాలతో పన్నెండు పుటల ప్రణాళిక తయారుచేశాను. అందులో నలభై మొక్కలున్నాయి. వినాయకచవితి నాటి ఇరవైయొక్క పత్రులూ ఉన్నాయి. ప్రతి మొక్కకూ సంస్కృతనామం, తెలుగుపేరు, కావ్యాలలో దాని ప్రస్తావన జతచేశాను. చివర పిల్లల కోసమని ఒక ఆట కూడా చేర్చాను. గట్టు మీది పొదలలో గురివింద గింజలు ఏరి, ఎవరు ఎక్కువ తెస్తారో లెక్కపెట్టాలి. ఎరుపూ నలుపూ కలిసిన ఆ గింజలంటే పిల్లలకు ఎంత ముద్దో నాకు తెలుసు.

మా చెల్లెలు ఆ పుటలన్నీ ఓపికగా చదివింది. చదివి, నవ్వకుండా ఉండడానికి ప్రయత్నించింది.

“అన్నయ్యా, వీళ్లకు ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు. నలభై కాదు, పది చాలు. ఇంకొకటి, నా తరగతిలో అన్ని ఇళ్ల పిల్లలూ ఉన్నారు. పత్రిపూజ ఎరిగినవాళ్లూ ఉన్నారు, ఎరగనివాళ్లూ ఉన్నారు. మొక్క అందరిదీ అనిపించాలి. సరే, అదంతా తరువాత. రేపు పొద్దున్నే చెరువుగట్టుకు పోదాం. నీ జాబితాలో ఉన్నవాటిని ముందు నాకు చూపించు” అంది.

నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్లయింది. చూపించడం అన్న మాట నా పన్నెండు పుటలలో ఎక్కడా లేదు.

మరునాడు తెల్లవారగానే బయలుదేరాం. బడి నుండి చెరువుగట్టుకు కిలోమీటరున్నర దూరం. మా వెంట ఒక అవ్వ వచ్చింది. ఆమె మనుమరాలు నాలుగో తరగతి చదువుతున్నది. అవ్వ వేకువనే గట్టు వైపు వెళ్లి మోదుగాకులు కోసుకువచ్చి విస్తర్లు కుట్టి అమ్ముతుంది. “అవ్వకు తెలియని ఆకు లేదు, రానివ్వు” అని మా చెల్లెలే పిలిచింది.

గట్టెక్కి నాలుగు వైపులా చూశాను. అంతటా పచ్చదనం. కానీ అది నాకు తెలియని లిపిలో రాసిన గ్రంథంలా ఉంది. వేప, చింత, రావి, మర్రి, తుమ్మ, జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు గుర్తుపట్టాను. మరి కొంచెం వెతికి నేరేడు, రేగు, మారేడు, తులసి చూపాను. అంతటితో నా విద్య ముగిసింది. నలభైలో పన్నెండు!

“ఇక్కడ సింధువారం ఉంటుందా, అవ్వా? అదే, వావిలి” అని అడిగాను.

అవ్వ నా ముఖం వంక వింతగా చూసి, “నువ్వు ఆనుకుని నిలబడింది దేన్ని సామీ?” అంది. తిరిగి చూస్తే, అయిదేసి ఆకులు వేళ్లలా విచ్చుకున్న పొద. ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. ఘాటైన వాసన. “బాలింతలకు ఈ ఆకేసి కాచిన నీళ్లే పోసేది. మీ అమ్మకూ పోసుంటారు, నువ్వు పుట్టినప్పుడు” అంది. నేను ఎన్నో పద్యాలలో చదివి, ఎన్నో సభలలో ఉదాహరించిన సింధువారం నా జన్మదినాన నా ఇంటనే ఉండి ఉంటుందన్న ఊహ నాకు అంతవరకూ కలగనే లేదు.

అపామార్గం మాటా అంతే అయింది. పొదలన్నీ వెతికి విసిగి, పంచె దులుపుకొంటూ ఉంటే అంచు పొడవునా సన్నని ముళ్లగింజలు అంటుకుని ఉన్నాయి. “ఉత్తరేణి” అంది అవ్వ. నేను వెతుకుతున్న అపామార్గం నా పంచె పట్టుకుని నా వెంటే నడిచి వస్తున్నది.

కింశుకం గురించి అడగబోయి, అది వేసవి తొలినాళ్లలో గాని పూయదు కనుక కార్తికంలో కనబడదులే అని మా చెల్లెలికి నేనే సర్దిచెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు అవ్వ ఆకులు కోస్తున్నది కింశుకం నుండే. కవులు దాని పువ్వును మాత్రమే వర్ణించారు. పువ్వు రాలిపోయిన తరువాత సంవత్సరమంతా మూడేసి ఆకులతో నిలబడి ఉండే మోదుగ చెట్టును నేను ఎన్నడూ చూడలేదు. చూసినా అది కావ్యంలోని కింశుకమని తెలుసుకోలేదు. దేవదారు గురించి అడిగినప్పుడు మాత్రం అవ్వ తల అడ్డంగా ఊపి, “అది మా దిక్కు లేదు సామీ” అంది. నిజమే. దేవదారు హిమాలయాలలో పెరిగే వృక్షం. తనకు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య అవ్వ గీసుకున్న గీత ఎంతో స్పష్టంగా ఉంది. నా దగ్గర అటువంటి గీత లేదు.

చివరగా గురివింద తీగ కనబడింది. ఎండిన కాయలు విచ్చుకుని గింజలు మెరుస్తున్నాయి. సంబరంగా పిల్లల ఆట సంగతి చెప్పాను. అవ్వ ముఖం మారిపోయింది.

“పిల్లల చేతికి ఆ గింజలా? వద్దు సామీ. నమిలితే పానం తీస్తాది.”

ఆమె మాటను తోసిపుచ్చలేదు గాని, మనసు వెంటనే ఒప్పుకోలేదు. పూర్వం కంసాలులు బంగారాన్ని తూచింది ఆ గింజలతోనే కదా! ఆ సాయంత్రం మా కళాశాలలోని వృక్షశాస్త్ర అధ్యాపకునికి ఫోను చేశాను. గురివింద గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషముంటుందనీ, పైపెంకు గట్టిది కనుక గింజ పగలనంతవరకు అది లోపలే ఉంటుందనీ, పగిలినా నమిలినా ప్రాణాపాయమేననీ ఆయన చెప్పాడు. ఆముదపు గింజలూ, ఉమ్మెత్త కాయలూ, గన్నేరులోని అన్ని భాగాలూ విషపూరితాలేనని హెచ్చరించాడు. నా జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. దేని పక్కనా ఒక హెచ్చరిక లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముత్యాల వంటి అక్షరాలతో నేను రాసిన ఆ కాగితం ముప్పయ్యారుగురు పసివాళ్ల అరచేతులలో విషం పెట్టబోయింది. గురివింద గింజ తన కింది నలుపును తానెరగదన్న సామెతను తరగతిలో ఎన్నోసార్లు వివరించాను. అది ఎవరిని ఉద్దేశించి పుట్టిందో ఆ రాత్రి తెలిసింది.

మరునాడు పన్నెండు పుటలూ పక్కన పెట్టి, మా చెల్లెలూ నేనూ మళ్లీ మొదటి నుండి ప్రారంభించాం. ఈసారి కాగితం మీద ముందుగా రాసింది మొక్కల పేర్లు కాదు. పిల్లల సంఖ్య, పెద్దల సంఖ్య, దూరం, కాలం. ఆరుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున ఆరు జట్లు. బడిలోని ఇద్దరు ఉపాధ్యాయులు, నేను, అవ్వ, ఇద్దరు తల్లులు. ఉదయం ఏడున్నరకు బయలుదేరి, ఎండ ముదరకముందే పదిన్నరకు ముగించాలి. తల్లిదండ్రుల నుండి సమ్మతిపత్రాలు తీసుకోవాలి. తాగునీరు, ప్రథమచికిత్స పెట్టె వెంట ఉండాలి. బయలుదేరేటప్పుడూ, గట్టెక్కినప్పుడూ, తిరిగివచ్చేటప్పుడూ పిల్లలను లెక్కపెట్టాలి. గట్టు దాటి అడవివైపు వెళ్లరాదు. అది పులుల అభయారణ్యపు అంచు కనుక అటవీశాఖ అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు.

ఆ చోటును మేము మరో రెండుసార్లు చూసివచ్చాం. విశ్రాంతికి మర్రిచెట్టు నీడ బాగుంటుందనుకున్నాం గాని, పై కొమ్మకు పెద్ద తేనెపట్టు వేలాడుతున్నది. ఏ పిల్లవాడైనా రాయి విసిరితే అంతే సంగతులు. నివాసాన్ని కానుగ చెట్ల కిందికి మార్చాం. తూము దగ్గర ఒక పాముపుట్ట ఉంది. ఆ దారి మానుకున్నాం. ఒకచోట వయ్యారిభామ మొక్క దట్టంగా అల్లుకుని ఉంది. తాకితే కొందరికి ఒళ్లు దద్దురెక్కుతుంది. ఆ భాగాన్నీ విడిచిపెట్టాం. పేరు ఎంత సొగసైనదో స్వభావం అంత చెడ్డది. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ మొక్క మన పొలాలనూ బాటలనూ ఆక్రమించింది. చెరువులోని గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. పచ్చగా ఉన్నదల్లా మేలు చేసేది కాదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పవలసిన పాఠమే.

ఆ తరువాతే మొక్కల మాట వచ్చింది. నలభై నుండి పదికి తగ్గించాం. మూడు నియమాలు పెట్టాం. ఏదీ నోట పెట్టుకోరాదు. చెట్టు మీది ఆకు కోయరాదు, రాలినదే ఏరుకోవాలి. పేరు తెలియకపోతే సిగ్గుపడకుండా అడగాలి. ఈ మూడో నియమం పిల్లలకంటే నాకే ఎక్కువ అవసరమైనదని మా చెల్లెలు అనలేదు. నేనే అనుకున్నాను.

ఒక శనివారం ఉదయం ముప్పయ్యారుగురూ రెండు వరుసలుగా బయలుదేరారు. ప్రతివారి చేతిలోనూ ఒక తెల్లకాగితం, ఒక రంగుబలపం. రాలిన ఆకును కాగితం కింద పెట్టి పైన బలపంతో మెల్లగా రుద్దితే ఈనెల అల్లిక అంతా కాగితం మీదికి వస్తుంది. రావియాకు తోకతో సహా అచ్చుపడినప్పుడు ఒక పిల్లవాడు ఎగిరి గంతేశాడు. తాడుతో చింతచెట్టు చుట్టుకొలత తీశారు. అత్తిపత్తి ఆకులను తాకి అవి ముడుచుకుంటుంటే కేరింతలు కొట్టారు. ఆకుతొడిమ మొదట ఉన్న చిన్న ఉబ్బులోని కణాలు నీటిని కోల్పోవడం వల్ల ఆకు వాలిపోతుందనీ, జగదీశ్ చంద్రబోసు ఈ మొక్క మీద ఎన్నో ప్రయోగాలు చేశాడనీ మా చెల్లెలు చెప్పింది.

గింజలు ఎలా ప్రయాణం చేస్తాయో కనిపెట్టమని జట్లకు పని ఇచ్చాం. నేను దగ్గరుండి చెప్పవలసిన అవసరమే రాలేదు. ఒక జట్టు జిల్లేడు కాయలోని పట్టుకుచ్చులను గాలికి ఎగరేసింది. ఒక జట్టు తమ బట్టలకంటిన ఉత్తరేణిని చూపింది. మరొక జట్టు తూముగోడ పగులులో మొలిచిన రావిమొక్కను చూపి, పిట్ట తెచ్చిందని తేల్చింది. నీటిచుక్క తగలగానే టప్పున పగిలి గింజలు చిమ్మే చిటపటకాయలను ఒక బాలిక తెచ్చింది. గాలి, జంతువు, పక్షి, తన సొంతబలం. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాలుగా ఉన్నది గట్టు మీద నాలుగు ఆటలైంది.

మేడిచెట్టు దగ్గర ఒక పిల్లవాడు నన్ను నిలదీశాడు. “సార్, అన్ని చెట్లకూ ముందు పువ్వు, తరువాత కాయ అన్నారు కదా! దీనికి పువ్వేది?”

మేడిపండు అనగానే నాకు వేమన పద్యం నోటి చివరికి వచ్చింది. పైకి మేలిమిగా ఉండి లోపల పురుగులుండే పండును పిరికివాని ధైర్యానికి ఉపమానం చేసిన పద్యమది. దానిని అక్కడే ఆపి, రాలిన పండును రెండుగా కోసి భూతద్దం ఇచ్చాను. పువ్వులు లోపలే ఉన్నాయి. మనం కాయ అనుకునేది వందలాది చిన్న పువ్వులను దాచుకున్న సంచి. చీమకన్న చిన్నదైన ఒక కందిరీగ జాతి పురుగు సన్నని రంధ్రం గుండా లోపలికి దూరి, వెంట తెచ్చిన పుప్పొడిని ఆ పువ్వులకు అందించి, అక్కడే గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు పెరిగి పెద్దవై, ఆడవి పుప్పొడితో బయటపడి మరొక చెట్టును వెతుక్కుంటూ పోతాయి. ఆ పురుగు లేకపోతే మేడికి గింజ లేదు. మేడి లేకపోతే ఆ పురుగుకు ఇల్లు లేదు. నీతి చెప్పడానికి కవి చూసిన చూపు ఒకటి, చెట్టు బతుకును తెలుసుకోవడానికి చూసే చూపు మరొకటి. రెండూ ఉండవలసినవే. నేను అంతకాలం మొదటిదానితోనే సరిపెట్టుకున్నాను.

వావిలి పొద దగ్గర అవ్వ మనుమరాలు మెల్లగా అడిగింది. “మా అవ్వ దీన్ని వావిలంటుంది. మీరు సింధువారమంటిరి. ఏది నిజం సార్?”

రెండూ నిజమేనన్నాను. దీనికి నిర్గుండి అని ఇంకొక పేరుందన్నాను. ఒకే మొక్కకు ఊరికొక పేరుంటే చిక్కు గనుక, స్వీడన్ దేశస్థుడైన లిన్నేయస్ అనే శాస్త్రవేత్త 1753లో ప్రచురించిన గ్రంథంలో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టాడనీ, వావిలికి వైటెక్స్ నిగుండో అని పేరుంచాడనీ చెప్పాను. ఆ అమ్మాయి రెండుమూడుసార్లు ఆ మాటను నోటిలో తిప్పుకుని, “నిగుండో... నిర్గుండి. మన మాటే సార్!” అంది. ఆ పోలిక తరగతిలో వాచకం చదవడానికి తడబడే పిల్ల నోట వచ్చింది. మా చెల్లెలు నా వైపు చూసింది. ఆ తరువాత గట్టు పొడవునా తక్కిన జట్లకు ఆ అమ్మాయే పేర్లు చెబుతూ నడిచింది.

పదిన్నరకు కానుగ నీడన పంక్తి తీరాం. ఆ పూట మధ్యాహ్న భోజనాన్ని అక్కడికే తెప్పించాం. ఎవరింటి పిల్లలు ఎవరి పక్కన కూర్చున్నారో ఎవరూ చూడలేదు. అవ్వ కుట్టిన మోదుగ విస్తర్లలో అందరమూ పప్పూ అన్నమూ తిన్నాం. కింశుక పత్రాలలో భోజనం చేశానని ఎవరికైనా చెప్పాలనిపించింది గాని, అప్పటికి ఆ మాట నాకే వింతగా వినిపించింది.

తిరుగుప్రయాణంలో మా అమ్మ గుర్తుకు వచ్చింది. వినాయకచవితి నాటి వేకువన మాకు బుట్ట ఇచ్చి పంపుతూ, ఏ ఆకు ఏ గట్టున దొరుకుతుందో, ఏది కోయవచ్చో, ఏది తాకకూడదో వాకిట్లో నిలబడి చెప్పేది. నేను అమరకోశం వల్లె వేస్తూ ఆ మాటలను చెవిని పెట్టలేదు. తక్కిన పిల్లలు తెచ్చిన పత్రి పేర్లు మాత్రం సంస్కృతంలో అప్పగించి మెప్పు పొందేవాణ్ణి. ఇప్పుడు అమ్మ లేదు. పత్రి బజారులో కట్టలుగా దొరుకుతుంది, కొనుక్కువస్తాను. కట్టలో ఏముందో చూడను. అవ్వ నుండి మనుమరాలికి అందిన సంపద మా ఇంట నా దగ్గరే ఆగిపోయింది. దానిని ఆపినవాణ్ణి నేనే.

ఆ తరువాత మా కళాశాలకు తిరిగివచ్చి మొదట చేసిన పని ఒకటుంది. ఆవరణలో బారులు తీరి, నిటారుగా పెరిగిన చెట్లను మేమంతా అశోక వృక్షాలంటాం. వాటిని చూపించే నేను ఏళ్ల తరబడి అశోక వర్ణన చెప్పాను. వృక్షశాస్త్ర అధ్యాపకుని అడిగితే అది నరమామిడి అనీ, ఎర్రని నారింజరంగు గుత్తులు పూసే అసలైన అశోకం వేరనీ చెప్పాడు. మరునాడు తరగతికి వెళ్లి, ఇన్నాళ్లూ పొరపాటు చెప్పానని ఒప్పుకున్నాను. విద్యార్థులు నవ్వలేదు. ఒకరు లేచి, “అసలైనది ఎక్కడుంది సార్?” అని అడిగారు. అటువంటి ప్రశ్న నా తరగతిలో అంతకుముందు వినబడలేదు.

విద్యార్థులారా! మీరు ఈ పాఠం చదువుతున్న గది కిటికీ నుండి ఏదో ఒక చెట్టు కనబడుతూనే ఉంటుంది. దాని పేరు మీకు తెలిస్తే సంతోషం. తెలియకపోతే మీ ఇంటిలో అమ్మమ్మనో, తాతనో, దారిలో గడ్డి కోసుకుపోయే మనిషినో అడగండి. వారు చెప్పిన పేరును రాసిపెట్టుకోండి. అడగదగినవారు ఉన్న రోజులలోనే అడగండి. నేను రెండో ప్రణాళిక రాసుకున్న కాగితం ఇప్పటికీ నా పరిశోధన గ్రంథంలోనే ఉంది. మూడో నియమం కింద మా చెల్లెలు ఎర్రసిరాతో గీత గీసింది.